గైడ్ లేకుండా పాత బంగారు పట్టణాల్లో హెరిటేజ్ వాక్: నా అనుభవం

మెల్బోర్న్ నుంచి బయలుదేరి ఒకే రోజులో ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలోని పాత బంగారు గనుల ఊళ్లు మాల్డన్, కాసిల్‌మెయిన్, బీచ్‌వర్త్ చూసి రావచ్చా, గైడ్ లేకపోతే అమ్మానాన్నలకు ఏమైనా అర్థమవుతుందా అని ఒకరు అడిగారు. గైడ్ అవసరం లేదు. కానీ మూడు ఊళ్లు ఒక రోజులో పెట్టుకోకండి. బీచ్‌వర్త్ ఈశాన్యాన దాదాపు 280 కిలోమీటర్ల దూరంలో ఉంది, మిగతా రెండూ వాయవ్యాన ఉన్నాయి. మొదటిసారికి మాల్డన్ ఒక్కటే చాలు.

అక్కడ 1853లో బంగారం దొరికింది. తర్వాత గనులు తగ్గిపోయాక పాత భవనాలు కూల్చి కొత్తవి కట్టేంత డబ్బు ఊరికి రాలేదు. అందుకే ప్రధాన వీధి చాలావరకు అలాగే మిగిలింది. 1966లో వారసత్వ కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ విశిష్ట పట్టణంగా ప్రకటించిన మొదటి ఊరు ఇదే.

సమాచార కేంద్రంలో ఇచ్చే మ్యాప్ పట్టుకుని ఒకసారి నడవండి. తర్వాత దాన్ని మడిచి జేబులో పెట్టి అదే వీధిలో మళ్లీ నడవండి. అసలు చూడటం అప్పుడే మొదలవుతుంది. దుకాణాల పైభాగాన యజమాని పేరు, కట్టిన సంవత్సరం కనిపిస్తాయి. పక్క సందులోకి తిరిగితే ముందు గోడకున్న నున్నటి పూత, అలంకారం మాయమై మొరటు రాయో, మామూలు ఇటుకో బయటపడుతుంది. ముందు గోడ యజమాని ఆశ చెబుతుంది, పక్క గోడ అతని దగ్గరున్న డబ్బు చెబుతుంది. ఈ ప్రాంతపు ఊళ్లలో మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అన్న పేరు కనబడితే తప్పక ఆగండి. శ్రామికుల చదువు కోసం 1821లో ఎడిన్‌బరోలో మొదలైన ఆలోచన ఇంత దూరం వచ్చింది. పగలంతా మట్టి తవ్విన ఊళ్లలో జనం పుస్తకాల కోసం ఒక భవనం కట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

శ్మశానవాటికను వదిలేయకండి. చాలామంది ప్రధాన వీధి చూసి కారెక్కేస్తారు, నా దృష్టిలో సగం చరిత్ర అక్కడే ఉండిపోతుంది. పసిపిల్లల సమాధులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ కాలపు నీళ్లు, జ్వరాలు, వైద్యం గురించి ఎవరూ చెప్పనవసరం లేదు. మాల్డన్‌లోనూ, బీచ్‌వర్త్‌లోనూ చైనా వారు తమ మృతుల కోసం ప్రార్థన కాగితాలు, కానుకలు కాల్చిన కట్టడాలు ఉన్నాయి. బీచ్‌వర్త్‌లోని జంట బురుజులు 1857 నాటివి. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడల్లో వచ్చే చైనీయుల మీద తలకు 10 పౌండ్ల పన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి వేలమంది దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, అక్కడి నుంచి వందల కిలోమీటర్లు నడిచి గనులకు చేరారు. బతుకుతెరువు కోసం సముద్రం దాటి వచ్చినవాళ్లం మనమూ. ఆ సమాధుల ముందు కాసేపు నిలబడకుండా నేను ముందుకు వెళ్లలేను.

మ్యాపుల్లో కథ తరచూ బంగారం దొరికిన ఏడాదితో మొదలవుతుంది. మాల్డన్, కాసిల్‌మెయిన్ ఉన్న నేల అంతకుముందు వేల ఏళ్లుగా జాజా వురుంగ్ అనే ఆదివాసీ ప్రజలది. మ్యూజియంలో వారి గురించి అడగండి, అడిగేవారుంటేనే అలాంటివి ముందుకు వస్తాయి.

బీచ్‌వర్త్‌కు మరోసారి, రాత్రి బసతో వెళ్లండి. ఫోర్డ్ స్ట్రీట్‌లో తేనె రంగు గ్రానైట్ భవనాలు వరసగా ఉంటాయి. 1880లో పేరుమోసిన బందిపోటు నెడ్ కెల్లీని ప్రాథమిక విచారణకు నిలబెట్టిన కోర్టు వాటిలో ఒకటి.

చిన్న ఊళ్ల మ్యూజియాలు చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తలు నడిపేవి, వారంలో కొన్ని గంటలే తెరుస్తారు. ముందే ఫోను చేసి కనుక్కోండి. ఊరి బయట పొదల్లో పాత గని గోతులు ఇంకా ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లను, పిల్లలను కాలిబాట దాటనివ్వకండి. వేసవిలో అయితే ఉదయాన్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే శ్మశానవాటిక చూసేయండి, అక్కడ నీడ తక్కువ.