షెడ్డు మూసేయాలా?

ప్రశ్న: నా వయసు 74. విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌ని. పదహారేళ్లకి హెల్పర్‌గా చేరి, తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాను. పాత టాటా, లేలాండ్ ఇంజన్లయితే శబ్దం విని జబ్బు చెప్పేస్తాను. మొన్న ఒక లారీ వెనక్కి వస్తుంటే క్లీనర్ వేసిన కేక నాకు వినబడలేదు. కుర్రాళ్లు పక్కకి లాగేశారు. అప్పటినుంచి హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి షెడ్డు మూసేసి వచ్చేయమని ఒకటే పోరు. నా తోటివాళ్లు చాలామంది పోయారు. పని లేకుండా మిగిలిన కాలం ఎలా గడపాలి? మా ఆవిడ ఏమీ అనదు.

జవాబు: ముందు చెవుల సంగతి. ఇంజను దడ తెలుస్తోంది, మనిషి కేక తెలియట్లేదంటే వింతేమీ కాదు. ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్లకి సాధారణంగా సన్నటి శబ్దాలే ముందు పోతాయి, లావు శబ్దాలు చాలాకాలం నిలుస్తాయి. అందుకే ‘నా చెవులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి’ అని వాదించే మేస్త్రిలు ఇంట్లో మనవరాలు పిలిస్తే పలకరు. అలా పోయిన వినికిడి మందులతో తిరిగిరాదు గానీ, చెవి మిషన్ పెట్టుకుంటే చాలామందికి రోజులు బాగానే గడుస్తాయి. ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి. ఆ రిపోర్టు చూడకుండా షెడ్డు గురించి ఏ నిర్ణయమూ వద్దు.

ఇక మీ అబ్బాయి. అతని భయం ఆ లారీ గురించి. మీకు మాత్రం ‘నువ్వింక పనికిరావు’ అన్నట్టు వినబడుతోంది. కాబట్టి మూయాలా వద్దా అని వాదించుకోకుండా, ఏ పని మానేస్తారో మీరే ముందు చెప్పండి. బండి కింద పడుకోవడం, పిట్‌లోకి దిగడం, గేర్‌బాక్స్ ఎత్తడానికి చెయ్యి వేయడం, బండ్లు తిరిగే చోట నిలబడడం ఇవాళ్టితో ఆపేయండి. షెడ్డు లోపల ఓ పక్కన కుర్చీ వేయించుకోండి. స్క్రూడ్రైవర్ మొన టాపెట్ కవర్ (ఇంజను పైమూత) మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ సిలిండర్‌లో తేడా ఉందో పట్టుకోవడం ఒకడికైనా నేర్పండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు వచ్చాయి, వాటికి లోపం చూపించే స్కానర్ తగిలించాల్సిందే. ఆ పని కుర్రాళ్లదే, మీరు తల దూర్చకండి. పాత బండ్లు రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ మీ పని మీకుంటుంది. పూటంతా కూర్చోనక్కర్లేదు, పది నుంచి ఒంటిగంట దాకా చాలు.

డబ్బు గురించి మీరు రాయలేదు, అందుకే నేనే ఎత్తుతున్నాను. సొంత షెడ్డువాళ్లలో చాలామందికి పీఎఫ్, పింఛను ఉండవు. నమ్మకమైన కుర్రాడికి షెడ్డు అప్పగించండి, కానీ పనిముట్లు ఊరికే పంచిపెట్టొద్దు. నెలకింత అని కాగితం మీద రాసుకోండి. కొడుకు ఎంత మంచివాడైనా, మందుబిళ్లల కోసం అడగాల్సి వస్తే మీలాంటి మనిషికి అది చాలా కష్టం. 70 నిండినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆధార్‌తో తీసుకోండి, మీ ఆవిడకీ 70 నిండి ఉంటే ఆవిడకీ తీసుకోండి.

తోటివాళ్లు పోయారన్న మాట మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ బెంగే ఎక్కువేమో అని నా అనుమానం. మిగిలినవాళ్లకి ఫోన్ చేయండి, షెడ్డుకి పిలవండి, టీ తెప్పించండి. రాత్రి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా మాత్రం డాక్టరుకి చెప్పాలి.

మీ ఆవిడ ఏమీ అనదన్నారు. అసలు మీరు అడిగారా? ఇన్నేళ్లూ పొద్దున బాక్సు కట్టి పంపి, గ్రీజు బట్టలు ఉతికిన మనిషికి హైదరాబాద్ వెళ్లాలని ఉందేమో, బెజవాడ వదలడం అస్సలు ఇష్టం లేదేమో. అబ్బాయి పక్కన లేనప్పుడు, టీవీ కట్టేసి అడగండి. వెళ్లాలని ఉందంటే ఒక నెల ఉండి చూడండి, షెడ్డు తాళం మాత్రం కుర్రాడి దగ్గరే ఉంచండి.