భాగవతం ఏడాదిలో చదవాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పోతన భాగవతం మొదటి పద్యం నుంచి చివరి పద్యం దాకా ఒక ఏడాదిలో చదవాలని ఉందని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని మొన్న ఫోనులో అడిగావు. అప్పటికి తోచిందేదో చెప్పాను కానీ నాకే తృప్తి కలగలేదు. అందుకే ఈ ఉత్తరం. నేను ఆ గ్రంథాన్ని మూడుసార్లు మొదలుపెట్టి ఒక్కసారే పూర్తి చేశాను. ఆగిపోయిన ఆ రెండుసార్ల సంగతి కూడా నీకు చెప్పాలి.

మొదటిసారి నాకు ముప్పై నాలుగేళ్లు. రాత్రి భోజనాలయ్యాక ఒక్కణ్నే కూర్చుని మనసులో చదువుకునేవాణ్ని. తృతీయ స్కంధంలో సృష్టి క్రమం వచ్చేసరికి కళ్లు వాలిపోయాయి. వారం తిరిగేలోపు పుస్తకం బీరువాలోకి వెళ్లింది. రెండోసారి నలభై ఏడేళ్ల వయసులో పట్టుదలగా మొదలుపెట్టాను. ఆ ఏడు మీ అత్తయ్యకు ఒంట్లో బాగాలేక ఇరవై రోజులు తప్పిపోయింది. ఆ బాకీ తీర్చాలని రోజుకు వంద పద్యాలు కళ్లతో పరుగెత్తించాను. అలా పన్నెండు రోజులు చదివాక చూసుకుంటే ఒక్క పద్యం కూడా నాలుక మీద లేదు. ధ్రువుడు అడవికి ఎందుకు వెళ్లాడో తెలుసు, కానీ ఆ పిల్లవాడి బాధ నన్ను తాకలేదు. అక్కడితో ఆపేశాను.

మూడోసారి ఉద్యోగ విరమణ చేశాక మొదలుపెట్టాను. అప్పటికి మీ తాతయ్యకు చూపు బాగా తగ్గిపోయింది. నేను చదువుకోవడానికి కూర్చుంటే "పైకి చదవరా, నేనూ వింటాను" అన్నారు. అంతే, ఆ ఏడాది పూర్తయింది. నా పట్టుదల ముందుకన్నా పెరిగిందేమీ లేదు. రోజూ సాయంత్రం ఆరు గంటలకు ఆయన కుర్చీ జరుపుకుని కూర్చుని "నిన్న ఎక్కడ ఆగాం?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికైనా నేను కూర్చోవలసి వచ్చేది.

కాబట్టి నా సలహాల్లో మొదటిదీ ముఖ్యమైనదీ ఇదే. ఒంటరిగా చదవకు. మీ అమ్మ నీ దగ్గరే ఉంది. ఆమెకూ ఈమధ్య అక్షరాలు ఆనడం లేదు. ఆమెకు వినిపించు. నిజానికి భాగవతం ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినడానికి పుట్టిన గ్రంథం. ఏడు రోజుల్లో చావు రాబోతున్న పరీక్షిత్తుకు శుకుడు చెప్పాడు. దాన్నే నైమిశారణ్యంలో శౌనకాది మునులకు సూతుడు చెప్పాడు. ఆ చెప్పడంలోపల మళ్లీ విదురుడికి మైత్రేయుడు చెబుతాడు, ధర్మరాజుకు నారదుడు చెబుతాడు. కపిలుడు కన్నతల్లి దేవహూతికి తత్త్వం చెబుతాడు. వినేవాళ్లు మధ్యమధ్య ప్రశ్నలు వేస్తేనే కథ ముందుకు నడుస్తుంది. మీ అమ్మ కూడా అడుగుతుంది. "ఆగు, ఆ మాటకు అర్థమేమిటి?" అంటుంది. విసుక్కోకు. నీకు జవాబు తెలియని చోటల్లా నువ్వు చదవకుండా దాటేసిన చోటే అయి ఉంటుంది.

ఇక లెక్క. పోతన భాగవతంలో పద్యాలూ గద్యాలూ కలిపి సుమారు 9,000 ఉంటాయి. ప్రతిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. రోజుకు 29 చొప్పున వారానికి ఆరు రోజులు చదివితే 52 వారాలకు 9,048 అవుతాయి. ఆదివారం ఖాళీగా ఉంచు. ఆ వారం ఒకటి రెండు రోజులు తప్పితే ఆదివారం కొంత సర్దుకోవచ్చు. తప్పకపోతే నచ్చిన పద్యాలు మళ్లీ చదువుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ రోజులు తప్పితే మాత్రం బాకీ తీర్చే ప్రయత్నం చేయకు. ఆగిన చోటు నుంచే మొదలుపెట్టు. ఏడాది కాస్తా పదమూడు నెలలైతే వచ్చే నష్టం లేదు. నా రెండో ప్రయత్నాన్ని చెడగొట్టింది ఆ ఇరవై రోజుల విరామం కాదు, ఆ తర్వాత నేను తీసిన పరుగు.

29 అన్నది కూడా గీత గీసినట్టు పాటించనక్కర్లేదు. కథ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ ఆగు. ఒకరోజు 22 అవుతాయి, మరో రోజు 38 అవుతాయి. గజేంద్ర మోక్షం చదువుతున్నప్పుడు ఏనుగు కాలిని మొసలి పట్టిన చోట నేను ఆ రోజు లెక్క పూర్తయిందని పుస్తకం మూయబోయాను. మీ తాతయ్య ఒప్పుకోలేదు. "దాన్ని మడుగులో వదిలేసి నేను పడుకోలేను" అన్నారు. ఆ రాత్రి విష్ణువు వచ్చేదాకా చదివాను. మరునాడు ఇద్దరం విశ్రాంతి తీసుకున్నాం.

నువ్వు ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నదానివి కాబట్టి భాష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. భయపడవలసినంత కష్టం కాదు, కానీ ఒక కిటుకు తెలియకపోతే అడుగడుగునా తడబడతావు. "సిరికిం జెప్పఁడు" అన్న పద్యమే తీసుకో. జెప్పడు ఏమిటి? విడదీస్తే సిరికిన్ + చెప్పడు. ముందు మాట చివర నకారం ఉంటే దాని తర్వాత వచ్చే క, చ, ట, త, ప అక్షరాలు గ, జ, డ, ద, బలుగా మారతాయి. అదే పద్యంలో "ఏ పరివారంబును జీరఁడు" అని ఉంటుంది. జీరు అన్న మాట కోసం నిఘంటువంతా వెతికినా దొరకదు. చ కింద చూడు. చీరు అంటే పిలవడం. అంటే పరివారాన్ని ఎవరినీ పిలవలేదు. "శంఖ చక్ర యుగముం జేదోయి" అంటే చేదోయి, రెండు చేతులు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం తాళాలు తెరుచుకుంటాయి. ఆ చిన్న అరసున్నను చూసి కంగారుపడకు, దాన్ని పలకనక్కర్లేదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఒకటి పక్కన ఉంచుకుంటే చాలా మాటలకు అర్థం దొరుకుతుంది.

ఇప్పుడు ఆ పద్యాన్నే పైకి చదువు. గజేంద్రుడి మొర విన్న విష్ణువు లక్ష్మికి చెప్పడు, చేతుల్లో శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ని సిద్ధం చేయించడు, చెవుల దాకా జారిన జుట్టు సవరించుకోడు, చివరికి చేతిలో ఉన్న లక్ష్మి పైట కొంగు కూడా వదలడు. ఏనుగు ప్రాణం కాపాడాలన్న తొందర. ఆ తొందర నీ ఊపిరికి తెలుస్తుంది. వరసగా అన్నీ "డు", "డు" అంటూ పరుగెడుతుంటే చదివేవాళ్లు మధ్యలో ఆగలేరు. కళ్లతో చదివితే ఇది ఎప్పటికీ తెలియదు. వామనుడు "ఇంతింతై" అంటూ పెరిగే పద్యం కూడా అంతే.

రోజూ పాటించవలసిన పద్ధతి చెబుతాను. ముందు పద్యాన్ని అర్థం పట్టించుకోకుండా నెమ్మదిగా పైకి చదువు. తర్వాత తాత్పర్యం చదువు. ఆ తర్వాత మళ్లీ పద్యం చదువు. ఈ రెండో చదువే అసలైన చదువు. అమ్మ ముఖం చూస్తూ చదవగలిగితే ఇంకా మంచిది. మొదట్లో గంటకు పైనే పడుతుంది. రెండు నెలలకు ముప్పావు గంటకు దిగుతుంది. రాగం తీయడం రాదని సిగ్గుపడకు. మాటలు స్పష్టంగా పలికితే నడక దానంతట అదే వస్తుంది. గద్యాలు మాత్రం ఓపిక అడుగుతాయి. పొడవాటి సమాసాలను పెన్సిలుతో చిన్న గీతలు పెట్టి విడగొట్టుకో. తాత్పర్యం లేని ప్రతి కొనకు. కథను వచనంలో కుదించిన పుస్తకాలు మంచివే కానీ నువ్వు అడిగింది పోతనను చదవడం గురించి. తాత్పర్యంతో సహా తిరుమల తిరుపతి దేవస్థానం వారు ప్రచురించిన సంపుటాలు ఉన్నాయి.

నేను ఆగిపోయిన చోటు సంగతి చెబుతాను. మొదటి రెండు స్కంధాలు అయిదు వారాల్లో అయిపోతాయి. కుంతి స్తుతి, భీష్ముడి చివరి గడియలు ఉత్సాహాన్ని ఇస్తాయి. ఆ తర్వాత తృతీయం వస్తుంది. సుమారు వెయ్యి పద్యాలు, ఆరు వారాల పని. సృష్టి వర్ణన, కాల ప్రమాణాలు, చివర కపిలుడు చెప్పే సాంఖ్యం అనే తత్త్వం. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, లేదా నేరుగా కృష్ణుడి కథకు దూకుతారు. నువ్వు దూకవద్దు. అర్థం కాని తత్త్వం వచ్చినప్పుడు ఒక్కసారి శ్రద్ధగా చదివి ముందుకు సాగిపో. అది పాఠం అప్పజెప్పే పరీక్ష కాదు. దేవహూతి కథను మాత్రం నిదానంగా చదువు. తల్లికి బిడ్డ చెబుతున్న మాటలు. నీకూ మీ అమ్మకూ అవి వేరేగా వినిపిస్తాయి.

పంచమంలో ద్వీపాలూ సముద్రాల కొలతలూ ఉంటాయి. నాకు అవి ఇప్పటికీ బరువుగానే తోస్తాయి. కానీ దానికి ముందే, జింకపిల్ల మీద మమకారంతో జింకగా పుట్టిన భరతుడున్నాడు. అన్నట్టు, అన్ని స్కంధాలూ పోతనవి కావు; పంచమం గంగన, షష్ఠం సింగన, చివరి రెండు స్కంధాలు నారయ అనే వేరే కవులు పూరించినవి. నడక మారిందని నీ చెవికే తెలుస్తుంది. తొమ్మిదిలో రాజవంశాల పేర్లు వరసగా వస్తుంటే త్వరగా పేజీలు తిప్పాలనిపిస్తుంది. తిప్పావంటే రంతిదేవుడు జారిపోతాడు. 48 రోజులు పస్తు ఉండి, దొరికిన కాస్త అన్నమూ వచ్చిన అతిథులకు పెట్టేసి, మిగిలిన నీళ్లు కూడా దప్పికతో వచ్చినవాడికి పోశాడు. మీ తాతయ్య ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి మళ్లీ చదవమన్నారు.

ఉగాదికి మొదలుపెడితే ప్రహ్లాదుడు వినాయక చవితి రోజుల్లో వస్తాడు. గజేంద్రుడూ వామనుడూ దసరా దరిదాపుల్లో వస్తారు. కార్తీకం గడిచేసరికి దశమంలో అడుగుపెడతావు. గ్రంథంలో మూడో వంతు దశమమే. నాలుగు నెలలు కృష్ణుడితో ఉంటావు. తొమ్మిది స్కంధాలు ఓపికగా దాటి వచ్చినవాళ్లకు ఆ పుట్టుక ఎంత ఎదురుచూపు తర్వాత వచ్చిందో తెలుస్తుంది. అందుకే దూకవద్దన్నాను. అక్కడ నీకు నా సలహా అవసరం ఉండదు.

చివరి రెండు స్కంధాలు కలిపి వారంలో అయిపోతాయి. అక్కడ తొందరపడకు. యాదవులు ఒకరినొకరు చంపుకోవడం, కృష్ణుడు వెళ్లిపోవడం, పరీక్షిత్తును తక్షకుడు కాటువేయడం చదివేటప్పుడు గొంతు పూడుకుపోతుంది. నాకు పూడుకుపోయింది. ఆ వారం కావాలంటే రోజుకు పది చాలు.

నా దగ్గరున్న సంపుటాలు రేపు పోస్టులో పంపుతున్నాను. అంచుల్లో పెన్సిలు గీతలు కనిపిస్తాయి. మీ తాతయ్య మళ్లీ చదవమన్న పద్యాలు అవి, చెరపకు. మీ అమ్మ అడిగిన చోట నువ్వు వేరే రంగుతో గీత పెట్టు. ప్రతి ఆదివారం ఉదయం నాకు ఫోను చేసి, ఆ వారంలో అమ్మ మళ్లీ చదవమన్న పద్యం ఒకటి చదివి వినిపించు. ఎనిమిది గంటలకు నేను కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాను.

నీ మామయ్య