ట్యాబ్లెట్ వేస్తుంటే డిష్‌వాషర్‌లో రిన్స్ ఎయిడ్ విడిగా పోయాలా?

బెంగళూరులో బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో వాడే ఇల్లయితే, పోయడమే మంచిది. 'అన్నీ ఒక్కదాంట్లోనే' అనే ట్యాబ్లెట్లలో అదీ ఉంటుంది కానీ, అంత ఉప్పు నీళ్లకు చాలకపోవచ్చు.

రిన్స్ ఎయిడ్ సబ్బు కాదు. ఆఖరిసారి జాడించే నీళ్లలో మెషీనే దాన్ని కొద్దిగా కలుపుకుంటుంది. అది తలతన్యతను తగ్గించడంతో నీళ్లు బొట్లుగా నిలవకుండా పల్చటి పొరలా జారిపోతాయి. బొట్టు అక్కడే ఆరిపోతే అందులోని కాల్షియం తెల్లమచ్చగా మిగులుతుంది. బోర్లించిన స్టీలు గ్లాసు అడుగున గుండ్రంగా కనిపించేది అదే. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. గాజు గ్లాసు మీద మసక ఎంత రుద్దినా పోకపోతే మాత్రం గాజే అరిగిందన్నమాట, దానికి మందు లేదు.

మచ్చలుంటే మెషీన్‌లో రిన్స్ ఎయిడ్ సెట్టింగ్ ఒక అంకె పెంచండి. నీలి చారలో, జిడ్డు పొరో కనిపిస్తే తగ్గించండి. ప్లాస్టిక్ డబ్బాలు ఎంత పోసినా కాస్త తడిగానే వస్తాయి. వేడిని పట్టి ఉంచవు మరి.

ఇది పోస్తున్నాం కదా అని డిష్‌వాషర్ సాల్ట్ మానకండి. మెషీన్ లోపల నీళ్లలోని కాల్షియాన్ని తీసేసే రెజిన్ గుళికలు మళ్లీ పనిచేయాలంటే అదే కావాలి. రిన్స్ ఎయిడ్ పోస్తూ ఒలికితే వెంటనే తుడిచేయండి, లేకపోతే లోపలంతా నురగే.