సిమెంట్ మార్పించే ఆలోచన తర్వాత, ముందు ఆ రాత్రి నొప్పిని చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. మాది ఖమ్మం. ఆరు వారాల క్రితం కుడివైపు కింది దవడ పన్ను లోతుగా పుచ్చిందని డాక్టర్ శుభ్రం చేసి, నరానికి దగ్గరగా ఉందంటూ అడుగున ఒక మందు, దానిపైన సిమెంట్ ఫిల్లింగ్ పెట్టారు. బిల్లులో కాల్షియం హైడ్రాక్సైడ్, జీఐసీ (గ్లాస్ అయోనోమర్ సిమెంట్) అని రాసి ఉంది. మొదట్లో చల్లనీళ్లకు మాత్రమే జివ్వుమనేది. పది రోజులుగా రాత్రిపూట నిద్ర లేపేంతగా సలుపుతోంది. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, అమాక్సిసిలిన్ వాడుతున్నాను, దూదితో లవంగ నూనె పెట్టుకుంటున్నాను. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. పళ్లకు వాడే సిమెంట్లలోని రసాయనాలు పంటి లోపలి జీవకణాలను చంపేస్తాయని చదివాను. ఈ సిమెంట్ తీయించి, ఎంటీఏ (మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్) లాంటి సురక్షితమైన దాన్ని పెట్టించుకోవాలా?

సమాధానం: మీరు సిమెంట్ గురించి అడిగారు. దానికి జవాబు చెబుతాను, కానీ మీ ఉత్తరం చదువుతుంటే నా దృష్టి రెండు చోట్ల ఆగిపోయింది. ఒకటి, పది రోజులుగా నిద్ర లేపుతున్న నొప్పి. రెండోది, బీపీ మాత్ర వేసుకునే మీరు డాక్టర్‌ను అడగకుండా అన్ని రోజులు డైక్లోఫెనాక్ మింగుతూ ఉండటం. పన్ను చూడకుండా, ఎక్స్‌రే లేకుండా ఇక్కడి నుంచి ఏదీ ఖాయంగా చెప్పలేను కనుక, నేను రాసేదాన్ని మీ డాక్టర్ పరీక్షకు బదులుగా తీసుకోవద్దు.

లోతైన ఫిల్లింగ్ తర్వాత చల్లటి నీళ్లు తగిలినప్పుడు రెండు మూడు క్షణాలు జివ్వుమని, నీళ్లు మింగగానే తగ్గిపోతే సాధారణంగా నేను కంగారు పడను. కొన్ని వారాల పాటు అలా ఉండి క్రమంగా తగ్గడం రోజూ చూసేదే. మీ పన్ను ఆ దారిలో లేదు. నొప్పి ఏ కారణమూ లేకుండా దానంతట అదే మొదలవుతోంది, పడుకున్నాక పెరుగుతోంది. మనం వాడుకలో నరం అనే పల్ప్ నిజానికి రక్తనాళాలు, నరాలు, కణాలు కలిసిన మెత్తటి కణజాలం. అది చుట్టూ గట్టి గోడలున్న చిన్న గదిలో ఉంటుంది. చేతికి దెబ్బ తగిలితే వాచడానికి చోటుంటుంది, పంటి లోపల ఆ చోటు లేదు. అందువల్ల లోపల వాపు మొదలైతే ఒత్తిడి పెరుగుతుంది, తల వాల్చి పడుకోగానే తలవైపు రక్తం ఎక్కువగా చేరి సలుపు ఇంకా హెచ్చుతుంది. తాత్కాలికంగా రేగిన పల్ప్ తిరిగి కోలుకుంటుంది, ఒక హద్దు దాటితే కోలుకోదు. మీ పన్ను ఆ హద్దుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నదే ఇప్పుడు తేలవలసిన విషయం.

కాఫీ, టీ లాంటి వేడి పదార్థం తగిలితే నొప్పి వస్తోందా, చల్లటి నీళ్ల తర్వాత పోటు అర నిమిషానికి మించి నిలుస్తోందా, ఆ పంటితో నమిలితే నొప్పిగా ఉందా అన్న మూడు సంగతులూ మీరు రాయలేదు. కిందటి వేసవిలో ఒక పెద్దాయన ఐసునీళ్ల సీసాతో మా దగ్గరికి వచ్చారు. నిమిషానికోసారి ఒక గుక్క నోట్లో పోసుకుని ఆ పంటి మీద నిలిపేవారు. నోట్లో నీళ్లు వెచ్చబడగానే ముఖం ముడుచుకుపోయేది, మళ్లీ ఇంకో గుక్క. చల్లదనమే ఉపశమనంగా మారిందంటే లోపలి కణజాలం చాలావరకు చితికిపోతోందని మేము అర్థం చేసుకుంటాము. ఆయన అప్పటికి మూడు వారాలుగా నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చారు. మొదటి వారంలో వచ్చి ఉంటే ఆ పల్ప్‌ను కాపాడగలిగేవాళ్లమని ఖచ్చితంగా చెప్పలేను, కానీ ప్రయత్నించే అవకాశమైనా మిగిలి ఉండేది.

ఇక మీరు వాడుతున్న మందుల సంగతి చెప్పాలి, అమ్మా, కొంచెం గట్టిగానే చెప్పాలి. డైక్లోఫెనాక్ నొప్పిని అణచుతుంది గాని నొప్పికి కారణాన్ని తీసివేయదు. ఆ మందు రక్తపోటును పెంచగలదు, కొన్ని రకాల బీపీ మాత్రల పనిని తగ్గించగలదు, ఆ రెండు మందులూ కలిసి మూత్రపిండాల మీద భారం వేయగలవు, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు కూడా తేగలదు. మీరు ఏ బీపీ మాత్ర వాడుతున్నారో నాకు తెలియదు కనుక, దాన్ని రాసిచ్చిన వైద్యుణ్ణి ఈరోజే ఫోనులోనైనా అడగండి, వీలైతే బీపీ చూపించుకోండి. మలం నల్లగా వచ్చినా, పాదాలు వాచినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అమాక్సిసిలిన్ విషయానికి వస్తే, వాపు, జ్వరం, చీము లేకుండా కేవలం పల్ప్ రేగడం వల్ల వచ్చే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. షాపులో ఇచ్చినంత మాత్రాన అది మీ జబ్బుకు మందు కాదు.

మీరు భయపడుతున్న సిమెంట్ కన్నా, మీరు నమ్మి పెడుతున్న లవంగ నూనె గురించి నేను ఎక్కువ ఆలోచిస్తున్నాను. అందులో అధికభాగం యూజినాల్ అనే పదార్థం. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపి చేసే తాత్కాలిక ఫిల్లింగ్‌ను మేము దశాబ్దాలుగా వాడుతున్నాము, ఆ వాసన దంత వైద్యశాల మెట్లెక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అక్కడ యూజినాల్ జింక్‌తో కట్టుబడి ఉంటుంది, ఎనామెల్ కింది గట్టి పొర అయిన డెంటిన్ గుండా చాలా స్వల్పంగా, నెమ్మదిగా లోపలికి చేరుతుంది, అంత తక్కువ మోతాదులో నరాన్ని శాంతపరుస్తుంది. మోతాదు పెరిగితే అదే యూజినాల్ కణాలకు విషం. దూదితో పచ్చి నూనె గంటల తరబడి పెట్టుకున్నవారికి చిగురు తెల్లగా పొక్కి, పొర ఊడి రావడం చాలాసార్లు చూశాను. ఫిల్లింగ్ అంచున సందు ఉంటే ఆ నూనె లోపలికీ దిగగలదు. రేపు మీ డాక్టర్ రెజిన్ (పంటి రంగులో ఉండే ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఫిల్లింగ్ పెట్టవలసి వస్తే, మిగిలిపోయిన యూజినాల్ దాన్ని సరిగా గట్టిపడనివ్వదు కూడా. దయచేసి ఆపేయండి.

ఇప్పుడు సిమెంట్. ఎనామెల్ కింద ఉండే డెంటిన్ రాయిలా కనిపించినా, సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని గొట్టాల కట్ట. ఎనామెల్ వైపు చదరపు మిల్లీమీటరుకు సుమారు 20,000 గొట్టాలుంటే, పల్ప్ వైపుకు వచ్చేసరికి 45,000 దాటుతాయి, ఒక్కొక్క గొట్టం వెడల్పూ పెరుగుతుంది. పుచ్చు లోతయ్యే కొద్దీ పైన పెట్టిన పదార్థం లోపలికి చేరే దారులు అందుకే పెరుగుతాయి. ఆ గొట్టాల లోపలి చివర ఓడాంటోబ్లాస్టులనే కణాలు వరుస కట్టి ఉంటాయి. స్వల్పంగా రేగితే అవే కొత్త డెంటిన్‌ను పేర్చి గోడను మందం చేస్తాయి. అవి విభజన చెందవు కాబట్టి చనిపోతే వాటి స్థానంలోకి పల్ప్‌లోని మూలకణాలు వచ్చి, ఆ పని నేర్చుకుని, మరమ్మతు గోడ కట్టవలసి ఉంటుంది. పల్ప్‌కూ ఫిల్లింగ్‌కూ మధ్య అర మిల్లీమీటరు డెంటిన్ మిగిలినా అది చాలా రక్షణ ఇస్తుంది.

మీరు చదివింది పూర్తిగా అబద్ధం కాదు. వందేళ్లకు పైగా క్యాపులు అతికించడానికి వాడుతున్న జింక్ ఫాస్ఫేట్ సిమెంట్‌లోని ద్రవం ఫాస్ఫారిక్ ఆమ్లమే; కలిపిన కొత్తలో దాని పీహెచ్ సుమారు 2 ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో తటస్థానికి దగ్గరవుతుంది. అది గట్టిపడేటప్పుడు వేడి కూడా పుడుతుంది కనుకనే, చల్లార్చిన గాజు పలక మీద పొడిని చిటికెడు చిటికెడుగా చేరుస్తూ, పలకంతా పరిచి కలపమని మా గురువులు చేతులు పట్టి నేర్పారు. మీకు పెట్టిన జీఐసీని లండన్‌లో విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు రూపొందించి 1972లో ప్రకటించారు. అందులోనూ ఆమ్లముంది, కానీ దాని అణువులు పొడవైన గొలుసులు కావడం వల్ల డెంటిన్ గొట్టాలలో సులభంగా ప్రయాణించలేవు. రెజిన్ కలిపిన జీఐసీలో హెమా అనే చిన్న అణువు ఉంటుంది. లైటు సరిగా పడక అది గట్టిపడకుండా మిగిలితే గొట్టాల గుండా లోపలికి పోయి కణాలను ఇబ్బంది పెట్టగలదు. మీకు పెట్టింది మామూలు జీఐసీనా, రెజిన్ కలిపినదా అన్నది మీ డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్నే. దాని అడుగున ఉన్న కాల్షియం హైడ్రాక్సైడ్ పీహెచ్ 12 దాకా ఉంటుంది, అంటే అది గాఢమైన క్షారం. నేరుగా పల్ప్‌కు తగిలితే తగిలినచోట పలుచటి పొరను చంపుతుంది, ఆ పొర కిందనే మూలకణాలు లేచి కొత్త గోడ కడతాయి. కణాలకు తగిలిన ప్రతి దెబ్బా పన్నుకు చేటు కాదని ఇందువల్ల తెలుస్తుంది.

సిమెంట్ కణాలను చంపుతుందా అని చూడటానికి ప్రయోగశాలలో గాజు పాత్రలోని కణాల మీద సిమెంట్ సారాన్ని నేరుగా పోస్తారు. మీ నోట్లో మధ్యలో డెంటిన్ ఉంది, లోపలి నుంచి బయటికి తోసే ద్రవం ఉంది, చేరిన రసాయనాన్ని కడిగివేసే రక్తప్రసారం ఉంది. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి తెచ్చి యథాతథంగా అతికించలేము. 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జరాల్డ్ అనే పరిశోధకులు ఎలుకల దంతాలకు రంధ్రం చేసి పల్ప్‌ను బయటపెట్టి, పైన ఏ మందూ పెట్టకుండా వదిలేశారు. మామూలు ఎలుకలలో పల్ప్ కుళ్లిపోయింది. పుట్టుక నుంచి సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలలో, ఆహారం ఆ రంధ్రంలో కూరుకుపోయినా, పల్ప్ బతికి తనంతట తాను గోడ కట్టుకుంది. పల్ప్‌ను చంపేది ప్రధానంగా బ్యాక్టీరియా అని మాకు ఆ ప్రయోగం నేర్పింది. అందువల్ల ఫిల్లింగ్ ఏ సిమెంట్‌తో చేశారన్న దానికన్నా, దాని అంచులు బిగుతుగా మూసుకుని ఉన్నాయా అన్నదాన్ని నేను ముందు చూస్తాను.

ఎంటీఏ మంచి పదార్థం. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో టోరాబినెజాద్ బృందం ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంట్ జాతి పదార్థం నుంచి దాన్ని తయారుచేసి 1993లో పరిచయం చేసింది. తడిలోనే గట్టిపడుతుంది, కాల్షియం హైడ్రాక్సైడ్‌ను నెమ్మదిగా విడుదల చేస్తుంది, బాగా మూస్తుంది. పల్ప్ నేరుగా బయటపడిన పంటిలో నేను దానివైపే మొగ్గుతాను. కానీ ఇప్పటికే రేగి ఉన్న పంటిని సిమెంట్ మార్చడం కోసమే మళ్లీ డ్రిల్ చేస్తే, మిగిలిన కాస్త డెంటిన్ పోవచ్చు, వేడి తగలవచ్చు. 1965లోనే జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల మీద చేసిన ప్రయోగంలో పల్ప్ ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు 15 శాతం దంతాలలో పల్ప్ కోలుకోలేదు. పరీక్ష చేయకుండా సిమెంట్ మార్పించడానికి నేను సలహా ఇవ్వను.

రెండు మూడు రోజుల్లోగా అదే డాక్టర్ దగ్గరికి, లేదంటే మరో దంత వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఫిల్లింగ్ ఎత్తుగా ఉండి కొరికినప్పుడు పన్నుకు దెబ్బ తగులుతోందేమో, అంచు విరిగిందేమో, పంటిలో చీలిక ఉందేమో చూస్తారు. చల్లదనంతో పరీక్షిస్తారు, వేరు కొన వరకు కనిపించే ఎక్స్‌రే తీస్తారు. పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలో ఉందని తేలితే, అప్పుడు ఫిల్లింగ్ తీసి మరో పదార్థం పెట్టడం గురించి వారే నిర్ణయిస్తారు. కోలుకోదని తేలితే పల్ప్‌ను కొంతవరకు తీసి ఎంటీఏ పెట్టడమో, రూట్ కెనాల్ చేయడమో చెబుతారు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం గానీ మింగడం గానీ కష్టమైనా ఆ రెండు రోజులు కూడా ఆగవద్దు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి మాత్ర ప్రభావంలో ఉన్న పన్ను పరీక్షలో తప్పుడు జవాబు ఇవ్వవచ్చు కనుక, ఓర్చుకోగలిగితే వెళ్లే ముందు కొన్ని గంటలు మాత్ర వేసుకోకుండా వెళ్లండి. ఏ మాత్ర ఎన్ని రోజులు వేసుకున్నారో, బీపీ మాత్ర పేరుతో సహా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.