ప్రతిసారీ అదే చోట మచ్చ.. వేడి కాదు, మందు పడకే!

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. వ్యవసాయం చేస్తాను. వయసు 42. రెండేళ్లలో మూడుసార్లు పెదవి మీద, కుడి చేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ మంటతో లేచి నల్లబడింది. ఈసారి నడుము మీద కూడా వచ్చింది. అందరూ వేడి చేసిందంటున్నారు. విరేచనాల బిళ్లలు వేసుకున్నప్పుడే వస్తోందని నా అనుమానం.

జవాబు: మీ అనుమానమే నిజమనిపిస్తోంది. దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. మచ్చ పడిన చోట చర్మంలో కొన్ని రోగనిరోధక కణాలు ఉండిపోతాయి. అదే మందు మళ్లీ ఒంట్లోకి వెళ్లగానే, సాధారణంగా అరగంట నుంచి కొన్ని గంటల్లో, అవి అక్కడి చర్మాన్నే దెబ్బతీస్తాయి. కొత్తగా నడుము మీద రావడాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ మందు వాడినకొద్దీ మచ్చలు పెరుగుతాయి, కొందరికి ఒళ్లంతా బొబ్బలు కడతాయి.

విరేచనాలకు మెడికల్ షాపులో ఇచ్చే బిళ్లలో చాలాసార్లు ఓఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్), ఆర్నిడజోల్ (అమీబా వంటి క్రిములను చంపే మందు) రెండూ కలిసి ఉంటాయి. పడనిది ఏదైనా కావచ్చు. కంపెనీ పేరు మారిస్తే లాభం లేదు, లోపలి మందు అదే కదా! నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అందుకే స్ట్రిప్ మీది మందుల పేర్లన్నీ కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అదే సమయంలో నొప్పుల బిళ్ల వేసుకుని ఉంటే అదీ రాయండి, దాని వల్లా ఇలా రావచ్చు. వేసుకున్న గంట, మచ్చ లేచిన గంట పక్కపక్కన రాసి చర్మవ్యాధి నిపుణుడికి చూపించండి. ఏది పడలేదో తేల్చుకోవాలని ఇంట్లో మళ్లీ వేసుకుని చూడొద్దు.

ఎర్రగా ఉన్న కొద్ది రోజులే స్టెరాయిడ్ క్రీమ్, అదీ డాక్టరు రాస్తేనే. నల్లమచ్చకు అది పనిచేయదు, నెలల మీద దానంతటదే పలచబడుతుంది. రక్తం, జ్వరం లేని నీళ్ల విరేచనాలకు చాలావరకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి తాగండి. చేలో నీళ్లలో దిగే మీకు జ్వరం వస్తే ఎలుక జ్వరమని (లెప్టోస్పైరోసిస్) అనుమానించి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాయొచ్చు. ఇలాంటి మచ్చలకు అదీ ఒక కారణమే కాబట్టి, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ సంగతి ముందే చెప్పండి.

నోట్లో, కళ్లలో, మర్మాంగాల దగ్గర పుండ్లు, జ్వరం, చర్మం ఊడిరావడం కనిపిస్తే అన్ని మందులూ ఆపి, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. మందు పడలేదన్న సంగతిని, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ప్రభుత్వ విభాగం టోల్ ఫ్రీ 1800-180-3024కు పనిరోజుల్లో మీరే చెప్పవచ్చు. ఫోన్ చేసేటప్పుడు ఆ స్ట్రిప్ ఫొటో దగ్గర పెట్టుకోండి.