ముందు నీటి లోతు చూడు, తర్వాత పిట్టని

అమ్మలూ,

ఆదివారం ఆ బాగుచేసిన గడ్డిభూమికీ చిత్తడి నేలకీ పిట్టల్ని చూడ్డానికి వెళ్తున్నానని రాశావు, ఏ బైనాక్యులర్స్ కొనాలని అడిగావు. 8×42 తీసుకో. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పది రెట్లది ఇంకా మంచిదంటారు గానీ, మన చేతి వణుకూ పది రెట్లు కనపడుతుంది. పిట్ట కనిపించగానే కళ్ళు దాని మీదే ఉంచి బైనాక్యులర్స్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకో. కిందకి చూసి సర్దుకునేలోపు అది ఎగిరిపోతుంది.

ఇలాంటి చోటికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను పదినిమిషాల్లో వెనక్కి తిరిగాను. ఒక పక్క గడ్డి కాలి నల్లగా ఉంది, ఇంకో పక్క చీలమండ కూడా మునగని బురదనీళ్ళు. పాడుచేశారే అనుకున్నాను! తర్వాత తెలిసింది, పొదలు, చెట్లు కమ్ముకోకుండా గడ్డిని విడతలవారీగా ఆ నేలని బాగుచేసేవాళ్ళే కాలుస్తారట. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1930లలో ఒక పాత పొలాన్ని మళ్ళీ గడ్డిభూమిగా మార్చడం మొదలుపెట్టారు. ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. కాబట్టి అక్కడక్కడా బోసిగా కనిపిస్తే నిరాశపడకు.

ఆ బురదనీళ్ళే అసలు పంట. నాలుగైదు సెంటీమీటర్ల నీళ్ళుంటే ఉల్లంకి పిట్టలు ముక్కుతో బురద పొడుచుకుంటూ తిరుగుతాయి. మోకాలి లోతులో కొంగలు నిలబడతాయి. కొన్ని బాతులు తోక పైకెత్తి తల మాత్రం ముంచి మేస్తాయి, కొన్ని లోతు నీళ్ళలో పూర్తిగా మునుగుతాయి. లేచేటప్పుడూ తేడా తెలుస్తుంది. తల ముంచేవి ఉన్నచోటు నుంచే నిటారుగా ఎగురుతాయి, మునిగేవి నీళ్ళ మీద కొంచెం దూరం పరిగెత్తి లేస్తాయి. నల్లగా, నుదుటి మీద తెల్లమచ్చతో ఉంటే అది బాతు కాదు, బొల్లికోడి. నేను రెండేళ్ళు దాన్ని బాతనే రాసుకున్నాను.

తెల్లవారుతుండగానే గడ్డి వైపు వెళ్ళు. ఎండెక్కితే పాటలు ఆగిపోతాయి, నీటిపిట్టలు ఎక్కడికీ పోవు. భరతపక్షి పాడుతూ నిలువునా పైకెళ్తుంది, చెవితో వెతికితేనే దొరుకుతుంది. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకో, లేదంటే అన్నీ నల్లటి నీడలే.

కాలిబాట మాత్రం దిగొద్దు. అక్కడ చాలా పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి. తీతువు నీ తల మీద అరుస్తూ తిరిగినా, ఏదైనా పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోయినా గూడు దగ్గర్లోనే ఉందన్నమాట. ఫొటో కోసం ఆగకుండా వచ్చిన దారినే వెనక్కి నడువు. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలిచేవాళ్ళుంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పని నువ్వు చెయ్యకు.

చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో లిస్టు పెట్టేటప్పుడు అరుదైనవే కాదు, గుర్తుపట్టిన ప్రతి పిట్టనీ లెక్కతో రాయి. అది 2002 నుంచి నడుస్తోంది. నేలని బాగుచేసేవాళ్ళకి మామూలు పిట్టలు ఏటేటా పెరిగాయా, తగ్గాయా అన్నదే ముఖ్యం. గుర్తుపట్టలేనివాటికి ముక్కు పొడవు, కాళ్ళ రంగు రాసుకో. రాత్రికి ఫోన్ చెయ్యి, కూర్చుని తేలుద్దాం.

నీ మేనత్త