బీఈడీలో లెసన్ ప్లాన్ మీద సంతకం పెట్టని మేడమ్‌తో ఎలా నెగ్గుకురావాలి?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో బీఈడీ రెండో ఏడాది, మెథడ్ మేడమ్ (సబ్జెక్టు ఎలా బోధించాలో నేర్పే ఆవిడ) కారణం చెప్పకుండా లెసన్ ప్లాన్లు తిప్పి పంపుతున్నారు, ఇంటర్నల్ మార్కులు ఆవిడ చేతిలోనే ఉన్నాయి, అడగాలా ఊరుకోవాలా అని.

నేనూ ఇక్కడే, మారతహళ్లి నుంచి రెండు బస్సులు మారి వెళ్లి చదివాను. మా కాలేజీ పేరు వద్దులెండి.

2014 నిబంధనలతో ఎన్‌సీటీఈ (టీచర్ల శిక్షణ కోర్సులకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి) ఈ కోర్సును రెండేళ్లు చేసింది. బడిలో ఉండాల్సింది 20 వారాలు, అందులో 16 రెండో ఏడాదే. ఆలోచన మంచిదే. కానీ ఆ 16 వారాలూ కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బడిలో లెక్కల టీచరు భిన్నాల భాగహారం రేపే అయిపోవాలన్నారు. ప్లాన్ మీద మా మేడమ్ సంతకం లేకుండా క్లాసులోకి వెళ్లకూడదు. సాయంత్రం స్టాఫ్‌రూమ్ బయట ముప్పావుగంట నిలబడితే, రికార్డు తెరిచి శీర్షికల కింద గీతలు స్కేలుతో గీయలేదన్నారు. నాలుగు పేజీలు మళ్లీ రాశాను. పాఠం గురించి ఒక్క మాట లేదు.

మర్నాడు ఆవిడ వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నారు. ఒక పిల్లాడు లేచి, "టీచర్, రెండో భిన్నాన్ని ఎందుకు తిరగెయ్యాలి?" అన్నాడు. ఆ ప్రశ్న నా ప్లాన్‌లో లేదు. "అలాగే చెయ్యాలి, కూర్చో" అన్నాను. మేడమ్ అబ్జర్వేషన్ షీటులో రాసింది, "క్లాస్ కంట్రోల్ బాగుంది" అని. ఆ పిల్లాడి ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

ఇక మీ సంగతి. "ఎందుకు రిజెక్ట్ చేశారు" అని అడక్కండి, అందరి ముందు అసలొద్దు. పెన్సిల్ చేతిలో పట్టుకుని "ఏ స్టెప్ మార్చాలి మేడమ్, ఇక్కడే రాసుకుంటాను" అనండి. నేనైతే "ఏను బదలాయిసబేకు మేడమ్?" అని వచ్చీరాని కన్నడలో అడిగాను. నవ్వి, మొదటిసారి కుర్చీ చూపించారు. ఇది న్యాయమా అంటే కాదు, కానీ పని జరిగింది. ఆవిడ కొలువూ కాంట్రాక్టుదే, ఆవిడ ఫైలు మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. అది తెలిశాక కోపం కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మా బడికీ ట్రైనీలు వస్తారు. ప్లాన్ తిప్పి పంపేటప్పుడు పక్కన కారణం రాస్తాను. రెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి టైం లేక రాయడం లేదంటే నమ్మకండి.

గీతలూ శీర్షికలూ వేరు. సొంత పనులు చేయించుకోవడం, డబ్బులు అడగడం, మార్కులు కోస్తానని బెదిరించడం వేరు. అలాంటిది ఉంటే 2023 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలకూ ఇది వర్తిస్తుంది. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో కమిటీ రిపోర్టు ఇవ్వాలి. అది నచ్చకపోతే అంబుడ్స్‌పర్సన్, అంటే కమిటీ పైన అప్పీళ్లు వినే అధికారి, దగ్గరికి వెళ్లొచ్చు. నా రోజుల్లో ఇలాంటి కమిటీ ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వెళ్లేదాన్నో లేదో, భయస్తురాలిని. మీరు ఒంటరిగా కాకుండా ముగ్గురు నలుగురు కలిసి సంతకాలతో ఇవ్వండి. ఈలోగా తిప్పి పంపిన ప్రతి పేజీనీ తేదీ కనపడేలా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.